కీమోతో కౌంట్ పడిపోతోంది, తర్వాత రేడియేషన్ కూడా ఉంది: ఇమ్యూనిటీ పూర్తిగా పోతుందా?

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. జనగామ దగ్గర మీ ఊరు. అమ్మగారికి 56 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. 21 రోజులకోసారి ఎర్ర మందు (ఎర్ర రంగులో ఉండే కీమో మందు) ఎక్కిస్తున్నారు, రెండు సైకిళ్లు పూర్తయ్యాయి. రెండో సైకిల్ తర్వాత పదో రోజున చేయించిన పరీక్షలో తెల్లకణాలు 1,800 అని వచ్చింది. ఈ మందు అయ్యాక మరో మందు, ఆపైన 15 సిట్టింగుల రేడియేషన్ ఉంటాయన్నారు. "ఉన్న ఇమ్యూనిటీ అంతా కీమోకే పోతే కరెంటు (రేడియేషన్) పెట్టాక ఏమి మిగులుతుంది? ఏమి తినిపిస్తే పెరుగుతుంది?" ఇదీ మీ ప్రశ్న.

పూర్తిగా పోదు. కొన్ని రకాల కణాలు కొన్ని రోజులు బాగా తగ్గుతాయి. ప్రాణం మీదికి తెచ్చేది న్యూట్రోఫిల్స్ (బ్యాక్టీరియాను మింగే తెల్లకణాలు) తగ్గడం. మీ అమ్మగారికి ఇస్తున్న మందుల్లో అది సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య జరుగుతుంది, మూడో వారం చివరికి చాలావరకు సర్దుకుంటుంది. రొమ్ముకు ఇచ్చే రేడియేషన్ న్యూట్రోఫిల్స్ జోలికి పెద్దగా పోదు. అది తగ్గించేది లింఫోసైట్లను, అంటే వైరస్‌ల సంగతి చూసే మరో రకం తెల్లకణాలను. అవి కోలుకోవడానికి నెలలు పడుతుంది గాని, వాటి వల్ల వచ్చే ప్రమాదం అంత తొందరపడేది కాదు. తిండితో కౌంట్ పెరగదు. కీమో నడుస్తున్నంత కాలం జ్వరం 100.4 దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మిగతాది చదివే ఓపిక లేకపోతే ఈ చివరి మాట ఒక్కటి గుర్తు పెట్టుకోండి.

ఓపిక ఉంటే వివరంగా చెబుతాను. నేను హనుమకొండలో పాథాలజిస్టుని. క్యాన్సర్ వైద్యం చేసేది నేను కాదు, రక్తం చూసి రిపోర్టు రాసేవాణ్ని. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి కీమోకు హైదరాబాద్ వెళ్లేవారు చాలామంది ఒకరోజు ముందు ఇక్కడ రక్తం ఇచ్చి, రిపోర్టును వాట్సాప్‌లో తమ డాక్టరుకు పంపుతారు. కౌంట్ సరిపోకపోతే కాజీపేటలో రైలెక్కే పని తప్పుతుంది కదా. అందువల్ల ఒకే మనిషి రక్తాన్ని నెలల తరబడి, సైకిల్ తర్వాత సైకిల్ చూసే అవకాశం నాకు దొరికింది. మందుల నిర్ణయాలు మీ ఆంకాలజిస్టువి, కణాల సంగతి నేను చెప్పగలను.

ఇమ్యూనిటీ అనగానే మనవాళ్లు బండిలో పెట్రోలు ముల్లులాగా ఒకే అంకె ఊహించుకుంటారు. రక్తంలో అలాంటి అంకె ఏదీ లేదు. బ్యాక్టీరియా లోపలికి రాగానే వెళ్లి మింగేవి న్యూట్రోఫిల్స్. వైరస్ పట్టిన కణాలను గుర్తుపట్టి చంపేవి, పాత శత్రువులను గుర్తుంచుకునేవి టి లింఫోసైట్లు. యాంటీబాడీలు తయారు చేసే పని బి లింఫోసైట్ల నుంచి పుట్టిన ప్లాస్మా కణాలది. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, చర్మం కింద కాపలా ఉండే మాక్రోఫేజ్‌లు వేరు. వీటన్నింటికీ ముందు చర్మం, నోటి పొర, పేగుల లోపలి పొర ఉన్నాయి. కీమో, రేడియేషన్ ఒక్కోదాన్ని ఒక్కో రకంగా, ఒక్కో వేగంతో దెబ్బతీస్తాయి. అందుకే ఇమ్యూనిటీ ఎంత తగ్గిందని అడిగితే డాక్టర్లు సూటిగా చెప్పలేకపోతారు. ఏ కణం తగ్గింది, ఎన్నో రోజున తగ్గింది అని అడిగి చూడండి, జవాబు వెంటనే వస్తుంది.

కీమో సంగతి

విభజన చెందుతున్న కణాలన్నింటినీ కీమో మందులు కొడతాయి. మన ఒంట్లో అందరికంటే తీరిక లేకుండా విభజన చెందేది ఎముక మూలుగ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అది రోజుకు పది వేల కోట్ల దాకా న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది. రక్తంలోకి వచ్చాక వాటి ఆయుష్షు గంటల నుంచి కొద్ది రోజులు మాత్రమే, అందుకే అంత ఉత్పత్తి. ప్లేట్‌లెట్లు 8 నుంచి 10 రోజులు, ఎర్ర కణాలు 120 రోజులు బతుకుతాయి. తయారీ ఆగితే ముందుగా ఖాళీ అయ్యేవి న్యూట్రోఫిల్స్. రక్తహీనత ఎప్పుడూ నెమ్మదిగా, మూడు నాలుగు సైకిళ్లు గడిచాక పైకి తేలడానికి కారణం కూడా ఈ ఆయుష్షుల తేడాయే.

మరి మందు ఎక్కించిన మూడో రోజున కౌంట్ బాగానే ఉండి పదో రోజున ఎందుకు పడిపోతుంది? మా దగ్గరికి వచ్చేవారిని అందరికంటే ఎక్కువ మోసం చేసేది ఇదే. మూలుగలో న్యూట్రోఫిల్ తయారీ రెండు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో కణాలు విభజన చెందుతాయి. రెండో దశలో విభజన ఆగిపోయి కొన్ని రోజులు ముదురుతాయి, నిల్వగా ఉంటాయి. కీమో కొట్టేది మొదటి దశలో ఉన్నవాటినే. నారుమడి ఎండిపోయినా, అంతకుముందే నాటిన పొలం కోతకు వచ్చినట్టు, నిల్వలో ఉన్న కణాలు ఓ వారం పాటు రక్తంలోకి వస్తూనే ఉంటాయి. ఆ నిల్వ అయిపోయిన రోజున వెనుక నుంచి వచ్చేది ఏమీ ఉండదు. అందుకే మూడో రోజు రిపోర్టు చూసి ఈసారి కౌంట్ తగ్గలేదని సంబరపడకండి. అసలు ఆ రోజు పరీక్ష చేయించడమే దండగ.

తిరిగి ఎందుకు లేస్తుందంటే, మూలుగలోని మూలకణాల్లో ఎక్కువ భాగం ఎప్పుడూ నిద్రావస్థలోనే ఉంటాయి. విభజన చెందవు కాబట్టి మందు వాటిని పెద్దగా తాకదు. దెబ్బ తగిలిన వెంటనే అవి మేల్కొని పని మొదలుపెడతాయి. 21 రోజుల గడువు ఈ లెక్క మీద పెట్టినదే. మూలుగ కోలుకునేంత సమయం ఇవ్వాలి, క్యాన్సర్ కోలుకునేంత ఇవ్వకూడదు.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను. తెల్లకణాలు తగ్గడాన్ని కీమో దుష్ప్రభావం అంటాం గాని, చరిత్రలో ముందు కనిపించింది ఆ ప్రభావమే, మందు ఆ తర్వాత వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మస్టర్డ్ గ్యాస్ బారిన పడిన సైనికుల్లో తెల్లకణాలు అడుగంటాయనీ, మూలుగ ఎండిపోయిందనీ 1919లోనే వైద్యులు రాశారు. తెల్లకణాలను చంపేదైతే తెల్లకణాల క్యాన్సర్‌ను కూడా చంపాలి కదా అన్న ఆలోచనతో 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ ఆ రసాయనాన్ని పోలిన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫోమా రోగికి ఇచ్చారు. మీ అమ్మగారికి ఎర్ర మందుతో పాటు ఇస్తున్న రెండో సీసా చాలా మటుకు సైక్లోఫాస్ఫమైడ్ అయి ఉంటుంది. అది ఆ వంశంలోదే. కణాల విభజనకు అవసరమైన ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌ది మరో శాఖ. లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం దాన్ని తయారు చేసి ఇస్తే, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రచురించారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇది వాడుతున్నవారు బలానికని సొంతంగా ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోకూడదు, డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

పదో రోజు స్లైడ్

యంత్రం కౌంట్ ఇచ్చాక, అనుమానం ఉంటే ఒక చుక్క రక్తాన్ని గాజు పలక మీద పరచి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తాం. వంద తెల్లకణాలను లెక్కపెట్టి, వాటిలో ఏవి ఎన్ని అని రాయాలి. మామూలు మనిషి స్లైడ్‌లో ఆ వంద రెండు మూడు నిమిషాల్లో దొరుకుతాయి. కీమో అయిన పదో రోజు స్లైడ్‌లో ఎర్ర కణాల మధ్య వెతుక్కుంటూ పోవాలి. ఒక్కోసారి చివరిదాకా చూసినా వంద దొరకవు, యాభైతో సరిపెట్టుకుని ఆ మాట రిపోర్టులో రాస్తాం. దొరికినవి కూడా ఎక్కువగా లింఫోసైట్లే. రిపోర్టులో "లింఫోసైట్లు 70 శాతం" అని చూసి అవి పెరిగాయని కంగారుపడేవారున్నారు. అవి పెరగలేదు, పక్కనున్నవి మాయమయ్యాయి.

మరో రెండు మూడు రోజులకు అదే మనిషి స్లైడ్‌లో ముందుగా మోనోసైట్లు కనిపిస్తాయి. పెద్దగా, బూడిద రంగులో, మడత పడినట్టున్న కేంద్రకంతో ఉంటాయి. అవి పెరిగాయంటే మూలుగ మేల్కొందని లెక్క, కొద్ది రోజుల్లో న్యూట్రోఫిల్స్ వాటి వెనకే వస్తాయి. రిపోర్టులో మొత్తం కౌంట్ ఇంకా 1,500 దగ్గరే ఉండి మోనోసైట్లు 20 శాతం దాటితే నేను మనసులో ఊపిరి పీల్చుకుంటాను. ఇది చూసి జాగ్రత్తలు వదిలేయమని మాత్రం కాదు.

మీరు రాసిన 1,800కు వద్దాం. ఆ అంకె ఒక్కటీ చూసి ఏమీ తేల్చలేం. మొత్తం తెల్లకణాలను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగించండి. న్యూట్రోఫిల్స్ 60 శాతం ఉంటే 1,080. కాస్త తక్కువే, భయం లేదు. అదే 1,800లో న్యూట్రోఫిల్స్ 20 శాతమే ఉంటే 360. ఇది ప్రమాదం. ఇలా లెక్కగట్టిన న్యూట్రోఫిల్స్ అంకె 1,500 పైన ఉంటే మామూలు, 1,000 కంటే తగ్గితే జాగ్రత్త, 500 కంటే తగ్గితే తీవ్రం. ఈ మూడు మెట్లు గుర్తుంటే చాలు. రిపోర్టులో దీన్ని ఏఎన్‌సీ అని విడిగా రాసే ల్యాబులు ఉన్నాయి. రాయకపోతే అడిగి రాయించుకోండి.

జ్వరం గురించి, ఆర్ఎంపీ ఇంజెక్షన్ గురించి

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి.

న్యూట్రోఫిల్స్ లేనప్పుడు ఇన్ఫెక్షన్ తన మామూలు రూపంలో కనిపించదు. చీము అంటేనే చచ్చిన న్యూట్రోఫిల్స్. అవే లేనప్పుడు చీము ఎక్కడిది? గొంతులో పుండు ఉన్నా తెల్లపూత ఉండకపోవచ్చు, నిమోనియా ఉన్నా ఎక్స్‌రే మొదట బాగానే ఉండవచ్చు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పరీక్షలో చీము కణాలు కనిపించకపోవచ్చు. చాలాసార్లు మిగిలే ఒకే ఒక్క గుర్తు జ్వరం. ఆ గుర్తును మందుతో చెరిపేస్తే లోపల ఏమి జరుగుతోందో ఎవరికీ తెలియదు.

పరకాల వైపు నుంచి ఒకావిడ. ఈ మందులే, పదకొండో రోజు. సాయంత్రం చలి, వణుకు. ఊళ్లో ఉన్న ఆర్ఎంపీని పిలిచారు. ఆయన తుంటికి డైక్లోఫెనాక్, దాంతో పాటు ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. గంటలో చెమటలు పట్టి జ్వరం దిగింది, ఇంటిల్లిపాదీ నిశ్చింతగా పడుకున్నారు. తెల్లారేసరికి ఆవిడకు మాట తడబడుతోంది, రాత్రి నుంచి మూత్రం లేదు. ఆసుపత్రిలో బీపీ 70, మా దగ్గరికి వచ్చిన రక్తంలో న్యూట్రోఫిల్స్ 90. ఐసీయూలో ఉంచి బతికించారు. తుంటి మీద ఇంజెక్షన్ చేసిన చోట అరచేయంత నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది. ప్లేట్‌లెట్లు కూడా తగ్గి ఉన్నప్పుడు కండకు సూది వేస్తే అంతే. ఊళ్లో అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి ఆయన ఒక్కడే, ఆ సంగతి నాకూ తెలుసు. అందుకే ఆయనకు ముందుగానే చెప్పి పెట్టండి: "అమ్మకు కీమో నడుస్తోంది, జ్వరమొస్తే ఇంజెక్షన్ వద్దు, బండి మాట్లాడి పంపండి."

ఇలాంటి స్థితిలో ఆసుపత్రికి చేరిన గంటలోపు నరం ద్వారా యాంటీబయాటిక్ పడాలని ప్రపంచమంతటా పాటించే నియమం. మీకు జనగామ నుంచి వరంగల్ అయినా హైదరాబాద్ అయినా రెండు గంటల లోపే. ఏటూరునాగారం నుంచి వచ్చేవారికి వరంగల్ చేరడానికే దాదాపు వంద కిలోమీటర్లు. వారు 7వ రోజు నుంచి 14వ రోజు దాకా హనుమకొండలోనో వరంగల్‌లోనో చుట్టాలింట్లో ఉంటే మంచిదని నేను చెబుతుంటాను. డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. చేత్తో నుదురు తాకి చూసి తేల్చుకోవద్దు. పారాసెటమాల్ వేసేముందే కొలవండి. క్యాజువాల్టీలో మొదటి మాటగా "కీమో అయ్యి ఇన్ని రోజులైంది" అని చెప్పండి. వరుసలో కూర్చోబెడితే ఊరుకోవద్దు.

మీకు ఆశ్చర్యం కలగవచ్చు: ఈ రోజుల్లో వచ్చే ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చినవి కావు. మన పేగుల్లో, చర్మం మీద, నోట్లో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియావే. కీమో నోటి పొరను, పేగు పొరను కూడా పలచన చేస్తుంది, కౌంట్ పడే రోజుల్లోనే నోటిపూత కూడా వస్తుంది. కాపలా లేని సమయంలోనే తలుపు తెరుచుకుంటుందన్నమాట. చుట్టాలందరినీ వాకిట్లోనే ఆపి, అమ్మ నోటి శుభ్రతను పట్టించుకోని ఇళ్లు చూశాను. మెత్తటి బ్రష్, తిన్న ప్రతిసారీ ఉప్పునీటితో పుక్కిలింత, మలబద్ధకం రాకుండా చూసుకోవడం. కౌంట్ తక్కువున్నప్పుడు ఎనిమా వద్దు, పన్ను పీకించుకోవడం వద్దు.

ఇక కరెంటు

కీమో ఒళ్లంతా తిరుగుతుంది. రేడియేషన్ పెట్టిన చోటే పనిచేస్తుంది. కాబట్టి కౌంట్ ఎంత తగ్గుతుందనేది ఆ చోట ఎంత మూలుగ ఉందనే దాని మీద ఆధారపడుతుంది. పెద్దవాళ్లలో పనిచేసే మూలుగ ఎక్కువగా కటి ఎముకల్లో, వెన్నుపూసల్లో ఉంటుంది. మిగిలినది పక్కటెముకల్లో, రొమ్ము ఎముకలో, పుర్రెలో. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కటి భాగానికి రేడియేషన్ పెడుతూ వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా ఇస్తారు. వారిలో కౌంట్ బాగా తగ్గి, సిస్‌ప్లాటిన్‌ను ఒక వారం వాయిదా వేయడం మామూలే. మీ అమ్మగారికి రేడియేషన్ పడే చోట కొన్ని పక్కటెముకలు, బహుశా రొమ్ము ఎముక అంచు తప్ప మూలుగ లేదు. న్యూట్రోఫిల్స్ తగ్గి రేడియేషన్ ఆపాల్సిన పరిస్థితి రొమ్ము క్యాన్సర్‌లో అరుదు.

లింఫోసైట్లది వేరే కథ. రేడియేషన్ తగిలిన కణాల్లో చాలా రకాలు వెంటనే చావవు, తర్వాత విభజన చెందబోయినప్పుడు చస్తాయి. లింఫోసైట్లు అంతదాకా ఆగవు. విశ్రాంతిగా ఉన్నవి కూడా కొన్ని గంటల్లోనే తమను తాము చంపేసుకుంటాయి. ఒకటి రెండు గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) మోతాదుకే సగం దాకా పోతాయి. మీ అమ్మగారికి 15 సిట్టింగుల్లో ఇచ్చేది మొత్తం 40 గ్రేల దాకా ఉంటుంది. అణు ప్రమాదాల్లో ఎవరికి ఎంత రేడియేషన్ తగిలిందో అంచనా వేయడానికి మొదటి రెండు రోజుల్లో లింఫోసైట్లు ఎంత వేగంగా పడ్డాయో చూస్తారు. ఇవి అంత సున్నితమైనవి.

అయితే రేడియేషన్ రొమ్ముకే కదా, రక్తంలోని లింఫోసైట్లకు ఎలా తగులుతుంది? రక్తం ఒకచోట నిలవదు. ఒంట్లోని మొత్తం రక్తం సుమారు నిమిషానికోసారి గుండె గుండా తిరిగివస్తుంది. కిరణం పడుతున్న ఆ కొద్ది నిమిషాల్లో గుండె, ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాల పక్కగా పోయే రక్తానికి కొంచెం మోతాదు తగులుతుంది. రేపటి సిట్టింగులో మరికొంత రక్తానికి. సిట్టింగులు ఎన్ని ఎక్కువైతే తగిలే రక్తం అంత ఎక్కువ. ఒకప్పుడు 25 ఉండేవి, ఇప్పుడు చాలాచోట్ల 15తో ముగిస్తున్నారు. ఈ కోణంలో కూడా అది మంచిదే.

సింగరేణిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు నోటి క్యాన్సర్, మెడకు 33 సిట్టింగులు. అయ్యాక రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 4,200. "నార్మల్ వచ్చేసింది" అని ఇంట్లోవాళ్లు సంతోషించారు. లింఫోసైట్లు 6 శాతం, అంటే సుమారు 250. మామూలుగా వెయ్యికి పైనే ఉండాలి. ఆయనకు జ్వరాలేమీ రాలేదు, బాగానే తిరిగారు. మూడు నెలల తర్వాత వీపు మీద ఒక పక్కనే సర్పి లేచింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన చికెన్‌పాక్స్ వైరస్ నరాల్లో నిద్రపోయి ఉండి, కాపలా కాసే టి కణాలు పలచబడగానే బయటికి వచ్చింది. ఆయన కొడుకు మొదటి రోజే చూపించాడు కాబట్టి యాంటీవైరల్ మాత్రలతో తగ్గింది. లింఫోసైట్ల లోటు ఇలాగే బయటపడుతుంది: సర్పి, నోట్లో తెల్ల బూజు, మన ప్రాంతంలోనైతే పాత టీబీ తిరగబెట్టడం. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట వచ్చే సన్న జ్వరం ఉంటే రేడియేషన్ వల్లేనని సరిపెట్టుకోకుండా కఫం పరీక్ష చేయించండి.

రేడియేషన్ రోగనిరోధక వ్యవస్థను చంపడమే కాదు, కొన్నిసార్లు రెచ్చగొడుతుంది కూడా. రేడియేషన్‌తోనో, మీ అమ్మగారి ఎర్ర మందుతోనో చచ్చే క్యాన్సర్ కణాలు ఆపద సంకేతాలు వదులుతాయి, వాటిని చూసి రోగనిరోధక కణాలు ఆ క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్చుకోగలవు. ఒకచోట రేడియేషన్ పెడితే ఎక్కడో ఉన్న మరో గడ్డ కరిగిన సందర్భాలున్నాయి. 1953లోనే దీనికి అబ్‌స్కోపల్ ప్రభావమని పేరు పెట్టారు. చాలా అరుదు. దాని మీద ఆశ పెట్టుకోవాల్సిన పని లేదు, కానీ "కరెంటు ఇమ్యూనిటీని కాల్చేస్తుంది" అని భయపెట్టేవారికి సగం సంగతే తెలుసు.

అన్ని మందులూ ఒకటి కావు

పక్కింటివాళ్ల అనుభవంతో పోల్చుకోకండి. కార్బోప్లాటిన్‌లో ప్లేట్‌లెట్లు ముందు పడతాయి. విన్‌క్రిస్టిన్, బ్లియోమైసిన్ మూలుగను పెద్దగా తాకవు. లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్ బి లింఫోసైట్లనే ఏరి చంపుతుంది, అవి తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అది మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లేకపోతే దాగి ఉన్న వైరస్ తిరగబడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మీ అమ్మగారికి తర్వాత ఇవ్వబోయేది వారం వారం పాక్లిటాక్సెల్ అయితే, ఎర్ర మందుతో పడినంతగా కౌంట్ పడదు.

వాంతులు, ఎలర్జీ రాకుండా కీమోతో ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గురించి ఒక మాట. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్‌ను అది విడిపించి రక్తంలోకి తెస్తుంది. మర్నాడు పరీక్ష చేస్తే కౌంట్ 12,000 ఉండవచ్చు. కొత్తగా ఏమీ పుట్టలేదు, లింఫోసైట్లు అప్పటికే తగ్గుతుంటాయి కూడా.

కౌంట్ పెంచే ఇంజెక్షన్

మీ డాక్టరు దీని మాట ఎత్తే ఉంటారు. ఫిల్‌గ్రాస్టిమ్ అయితే రోజూ కొన్ని రోజులు, పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ అయితే సైకిల్‌కు ఒకటి. హైదరాబాద్ కంపెనీలు కూడా తయారు చేస్తున్నందున ఒకప్పటంత ఖరీదు లేదు. ఇది మూలుగను తొందరపెట్టి న్యూట్రోఫిల్స్ తయారు చేయిస్తుంది, లింఫోసైట్లను పెంచదు. కీమో అయిన 24 గంటల తర్వాతే వేయాలి. ముందే వేస్తే అప్పుడే విభజన మొదలుపెట్టిన కణాలను మందు మళ్లీ కొడుతుంది. నడుము, తుంటి ఎముకలు నొప్పి పెడతాయి, మూలుగ పనిచేస్తున్నదనడానికి అదొక గుర్తు.

రోజువారీ ఇంజెక్షన్ల విషయంలో ఒక చిక్కుంది. రెండు డోసులు పడగానే నిల్వలో ఉన్న కణాలు ఒక్కసారిగా బయటికి వచ్చి కౌంట్ 18,000, 20,000 అవుతుంది. "చాల్లే" అని ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. పదో రోజున మళ్లీ పాతాళానికి పడుతుంది. డాక్టరు చెప్పిన రోజు దాకా పూర్తి చేయండి.

ఇంకోటి. ఈ ఇంజెక్షన్ తర్వాత స్లైడ్‌లో ఇంకా ముదరని కణాలు కుప్పలుగా కనిపిస్తాయి. సంగతి తెలియని ల్యాబువారు అనుమానంగా రాస్తే, "అమ్మకు ఇప్పుడు బ్లడ్ క్యాన్సర్ కూడా వచ్చిందా" అని ఏడుస్తూ ఫోన్ చేసిన కూతురు ఉంది. రక్తం ఇచ్చేటప్పుడు కీమో ఏ రోజు అయింది, ఇంజెక్షన్ ఏ రోజు వేశారు అనేవి ఫారం మీద రాయించండి.

తిండి, పసరు, జాతర

బీట్‌రూట్, దానిమ్మ, బొప్పాయి ఆకు రసం, గోధుమ గడ్డి, మేక కాళ్ల సూపు... అన్నీ చూశాను. కాళ్ల సూపు తాగితే మూలుగ పెరుగుతుందనే నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. మరిగించి వేడిగా తాగితే మంచిదే, ఆకలి లేనప్పుడు కాస్త బలం. కౌంట్ దానితో పెరగదు. మూలుగకు కావలసింది ప్రోటీను, కేలరీలు, సమయం. ఉడికిన గుడ్డు, పప్పు, బాగా ఉడికిన చికెన్, జొన్న గట్కలో మజ్జిగ, ఏది లోపలికి పోతే అది పెట్టండి. కీమో అంటే పచ్చి పండు, పచ్చి కూర ముట్టకూడదన్న కఠిన పథ్యం ఇన్ఫెక్షన్లను తగ్గించినట్టు పరీక్షల్లో తేలలేదు. కడిగి, తొక్క తీసి పండు ఇవ్వవచ్చు. కాచని పాలు, రోడ్డు పక్కన చెరకు రసం, కల్లు, నిన్నటి కూర మాత్రం వద్దు.

తిప్పతీగ విషయంలో నేను కాస్త కటువుగానే ఉంటాను. కోవిడ్ కాలంలో దాన్ని వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశ వైద్యులే ప్రచురించారు. ఎర్ర మందును ఒంట్లోంచి బయటికి పంపే పని ఎక్కువగా కాలేయానిదే. ఆ కాలేయం మీద ప్రయోగాలు ఈ నెలల్లో వద్దు.

మేడారం లాంటి జాతరకు వెళ్లవచ్చా అని ప్రతి రెండేళ్లకూ ఎవరో ఒకరు అడుగుతారు. కౌంట్ పడే వారంలో వద్దు, జంపన్న వాగులో స్నానం ఏ వారంలోనూ వద్దు. నిలువెత్తు బంగారం ఇంట్లోనే తూచి కొడుకుతో పంపవచ్చు, అమ్మవార్లు అభ్యంతరం చెప్పరు.

ఎప్పటికి మామూలవుతుంది

న్యూట్రోఫిల్స్ చివరి కీమో తర్వాత వారాల్లో. లింఫోసైట్లు నెలల్లో. రొమ్ము క్యాన్సర్ కీమో అయినవారిని గమనించిన ఒక అధ్యయనంలో బి కణాలు, టి కణాల్లోని ఒక ముఖ్యమైన రకం తొమ్మిది నెలలకు కూడా పాత స్థాయికి చేరలేదు. వయసుతో పాటు థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం వల్ల కొత్త టి కణాలు నెమ్మదిగా వస్తాయి. అయినా చిన్నప్పటి నుంచి కూడబెట్టుకున్న రక్షణ చాలావరకు నిలుస్తుంది. ఎందుకంటే యాంటీబాడీలు చేసే దీర్ఘాయువు ప్లాస్మా కణాలు విభజన చెందవు, కీమోకు అంతగా దొరకవు. అన్ని టీకాలూ మొదటి నుంచి వేయించాల్సి రావడం మూలకణ మార్పిడి చేయించుకున్నవారి సంగతి.

ఫ్లూ టీకా ఏటా వేయించండి, సైకిల్‌లో ఏ రోజున వేయాలో డాక్టరును అడగండి. ఇంట్లో అందరూ వేయించుకుంటే ఇంకా మేలు. బతికున్న వైరస్‌తో చేసే టీకాలు అమ్మగారికి చికిత్స ముగిసిన మూడు నెలల దాకా వద్దు. మనవలకు పోలియో చుక్కలు వేయిస్తే, కొన్ని వారాల పాటు పసివాళ్ల గుడ్డలు మార్చే పని ఆవిడకు పెట్టకండి.

మూడో సైకిల్ తర్వాత పదో రోజు రిపోర్టు వస్తుంది కదా, కావాలంటే ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. పేరు, ఆసుపత్రి నంబరు కొట్టేసి పెట్టండి. మొత్తం కౌంట్‌తో పాటు శాతాలు కూడా కనిపించాలి. పక్కన కీమో అయిన తేదీ, కౌంట్ ఇంజెక్షన్ వేసి ఉంటే ఆ తేదీలు రాయండి. తేదీలు లేకపోతే అంకెలు చూసి నేను చెప్పగలిగేది ఏమీ ఉండదు.